మోటారుకు వేసిన బంతిపూల దండ

పడవ మోటార్ల గురించి నేను మొదట చదివింది లైబ్రరీలో. బడి చదువు పదో తరగతితో ఆగింది గానీ చదవడం ఆగలేదు. పెళ్ళయి ఈ ఊరు వచ్చాక, అత్తగారు భోజనం చేసి కునుకు తీసే వేళకి శాఖా గ్రంథాలయానికి వెళ్ళేదాన్ని. నవలల బీరువా అయిపోయాక వ్యవసాయం మీద పడ్డాను. అదీ అయ్యాక ఇంటి కరెంటు పనులు, చేపల చెరువులు, హోమియో వైద్యం. పంపుసెట్టు ఇంజను విప్పి బిగించడం గురించి ఒక పుస్తకం ఉండేది, దాన్ని కథల పుస్తకంలా రెండుసార్లు చదివాను. అందుకే మావారు పాత ఫైబర్ బోటు ఒకటి కొంటున్నానని చెప్పినప్పుడు భయపడాల్సింది పోయి సంబరపడ్డాను.

బోటు కొన్నది అత్తగారి కోసం. ఆవిడ చెల్లెలు, మా చిన్నత్తగారు, గోదావరి గౌతమి పాయకి అవతల లంకలో ఉండేవారు. మా ఏటిగట్టు మీద నిలబడితే వాళ్ళ కొబ్బరిచెట్లు కనిపించేవి. ఆ లంకకి రోడ్డు లేదు. రేవులో నాటు పడవ ఎక్కాలంటే బురదలో దిగి, ఊగిపోయే బల్ల మీద నడిచి వెళ్ళాలి. అత్తగారికి మోకాళ్ళు అరిగిపోయాయి. చిన్నత్తగారికి తుంటి విరిగి అతికాక చేతికర్ర వచ్చింది. అక్క ఇవతల, చెల్లెలు అవతల, మధ్యలో ఏరు. కొన్నేళ్ళుగా ఇద్దరూ ఒకరినొకరు ఎదురుగా చూసుకోలేదు. రోజూ ఫోన్లు మాత్రం తప్పవు.

"వీడియోలో మొహం కనపడుతుంది కదండీ అత్తయ్యా" అన్నాను ఒకసారి.

"కనపడుతుందమ్మా, గోడ మీద క్యాలెండర్లో దేవుడు కనపడినట్టు. చెయ్యి పట్టుకుంటానికి ఉండొద్దూ?" అన్నారావిడ.

ఆ మాట మావారి చెవిన పడింది. పట్టిసీమ వైపు ఒక రిసార్టు వాళ్ళు తమ బోటు తీసేస్తున్నారని తెలిసి, మోటారూ ట్రైలరుతో సహా తెచ్చేశారు. మా ఊరికి కాస్త దిగువన ఇసుక ర్యాంపు ఉంది. సిమెంటు పోసిన వాలు నేరుగా నీళ్ళలోకి దిగుతుంది. అక్కడ బోటు దింపితే బురద లేకుండా, కుర్చీ మీంచి అడుగు వేసి ఎక్కేయొచ్చని ఆయన ఆలోచన.

మోటారుతో పుస్తకం రాలేదు. మా శాఖా గ్రంథాలయంలో పడవల గురించి ఏమీ లేకపోతే బస్సెక్కి రాజమండ్రి లైబ్రరీకి వెళ్ళాను. అక్కడ ఇంగ్లీషులో ఒకటి దొరికింది, బొమ్మలతో. ఇంటికి ఇవ్వరు. డిక్షనరీ పక్కన పెట్టుకుని, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళి సాయంత్రం బస్సుకి వచ్చేదాన్ని. బొమ్మ చూస్తే సగం తెలిసేది, మాట వెతుక్కుంటే మిగతా సగం. ఆ వారమంతా నాకు కలలో కూడా ప్రొపెల్లరే తిరిగింది.

చదివొచ్చినవన్నీ రాత్రి అన్నాలప్పుడు మావారికి అప్పజెప్పేదాన్ని.

"ట్రైలరు రోడ్డు మీద లాక్కెళ్ళగానే నీళ్ళలోకి దించకూడదండీ. చక్రం మధ్యలో ఉండే హబ్బు వేడిగా ఉంటుంది. నీళ్ళు తగిలి ఒక్కసారి చల్లబడితే లోపలికి నీళ్ళు లాగేసుకుంటుందట. బేరింగులు తుప్పు పడతాయి. కాసేపు ఆగి, చెయ్యి పెట్టి చూసి, చల్లారాక దించాలి."

"చక్రానిక్కూడా పడిశం పడుతుందన్నమాట. ఆవిరి పట్టాలా, మిరియాల కషాయం ఇవ్వాలా?"

"ముందు గ్రీజు పెట్టండి చాలు."

"సరేనండీ లైబ్రేరియన్ గారూ."

ఎగతాళి చేసేవారే గానీ గ్రీజు పెట్టేవారు. ఆయన చిన్నప్పటి నుంచీ ట్రాక్టరు తోలిన మనిషి. ట్రైలరు వెనక్కి తోలేటప్పుడు అది ఎడమకి పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పాలని నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నాను. ఆయన మెడ వెనక్కి తిప్పి, బీడీ నోట్లోంచి తీయకుండా, కళ్ళంలో రెండు గడ్డివాముల మధ్య నుంచి ట్రైలరుని దూర్చేశారు. నేను ఒక్కసారి ప్రయత్నించి కంచె పడగొట్టాను. ఆ విద్య ఆయనకే వదిలేశాను.

మోటారు మాత్రం నాది. నీళ్ళు లేకుండా దాన్ని ఒక్క నిమిషం కూడా తిప్పకూడదు. దాన్ని చల్లబరిచే నీళ్ళు కిందనుంచి, కాలులా దిగే భాగానికి ఉన్న జల్లెడ లోంచి పైకి ఎక్కుతాయి. అందుకని నీళ్ళు నింపిన డ్రమ్ములో దాని కాలు ముంచి స్టార్టు చేశాం. వెనక పక్క చిన్న కన్నం లోంచి సన్నగా నీటి ధార పడింది. పుస్తకంలో బాణం గుర్తు వేసి చూపించిన ధార అదే. అది పడుతున్నంతసేపూ లోపల నీళ్ళు తిరుగుతున్నాయని అర్థం. మా పెరట్లో ఆ ధార చూసినప్పుడు కలిగిన సంతోషం నాకు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు.

గేరు ఆయిలు కొంచెం తీసి చూశాను. అది పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్ళు చేరినట్టు. మాది నల్లగా, చిక్కగా బాగానే ఉంది. రిసార్టు వాళ్ళు ట్యాంకులో వదిలేసిన పాత పెట్రోలు వాసన చూసి పారబోయించాను. నెలల తరబడి నిలవున్న పెట్రోలు జిగురు కట్టి కార్బురేటరుని పాడుచేస్తుంది. మళ్ళీ కొత్త పెట్రోలు పోసి, ట్యాంకు మూత మీది గాలి మర తిప్పి, గొట్టం మధ్య రబ్బరు బుడ్డి గట్టిపడేదాకా నొక్కడం నేర్చుకున్నాను. ఇప్పటికీ పెట్రోలూ గ్రీజూ కలిసిన వాసన ఎక్కడైనా తగిలితే ఆ పెరడు, ఆ రోజుల్లోని మావారి నవ్వు గుర్తొస్తాయి.

వరదలు తగ్గి కార్తీకం వచ్చింది. మంచిరోజు చూసి బయల్దేరాం. కొత్త బండి కొంటే ఏం చేస్తామో అత్తగారు అవన్నీ చేయించారు. పసుపు, కుంకుమ, ట్రైలరు చక్రాల కింద నిమ్మకాయలు, ఇనుప చట్రానికి కొబ్బరికాయ. మా పెరటి బంతిపూలన్నీ కోసి, దారానికి గుచ్చి, తన చేత్తోనే మోటారుకి పెద్ద దండ వేశారు. మెడకి ఒకటి వేసి తృప్తి లేక, దాని కాలికి ఇంకొకటి చుట్టారు, కడియంలా.

ర్యాంపు దగ్గర హబ్బులు చల్లారేదాకా ఆగినప్పుడు పై దండ తీసేశాను. కింది దాని మీద చెయ్యి వేశానో లేదో,

"అమ్మాయ్, మొదటి ప్రయాణం. గంగమ్మ తల్లి చూడకుండా పూలు తీసేస్తారా ఎవరైనా? నీళ్ళు తగిలితే అవే పోతాయి" అన్నారు అత్తగారు.

మావారు నా వంక చూసి, ఉండనియ్యమని కళ్ళతోనే సైగ చేశారు. బోటు అడుగున నీళ్ళు పోయే కన్నానికి బిరడా బిగించామో లేదో ఇద్దరం చూసుకున్నాం. కొత్తవాళ్ళు మొదట మరిచిపోయేది అదేనని చదివాను. బోటు నీళ్ళలోకి జారి తేలింది. ప్లాస్టిక్ కుర్చీ మీంచి అత్తగారు కాలు లోపల పెట్టారు. లైఫ్ జాకెట్టు తొడిగితే, "ఇదేంటమ్మా, నన్ను దిండులో కుట్టేశారు" అన్నారు. ఒడిలో చెల్లెలికని అన్నవరం ప్రసాదం పొట్లం. ఎదురుగా అన్ని నీళ్ళు చూడటం భయమనిపించిందో ఏమో, మా ఊరి వైపే చూస్తూ, మోటారుకి ఎదురుగా కూర్చున్నారు.

ఏరు అద్దంలా ఉంది. కాసేపటికి అత్తగారు వేలు చూపించి, "ఒరేయ్, నీ మోటారు కారుతోందిరా. మోసం చేసి అంటగట్టారు" అన్నారు.

"అది కారాలండీ అత్తయ్యా. కారితేనే మంచిది" అన్నాను.

ఆవిడ నమ్మలేదు. అక్కడే చూస్తూ కూర్చున్నారు. నేను ముందువైపు లంక గట్టు మీద రంగు గొడుగు కింద కూర్చున్న మనిషిని చూస్తున్నాను. చిన్నత్తగారే. ఏరు సగం దాటామో లేదో వెనక నుంచి అత్తగారి గొంతు తృప్తిగా వినిపించింది.

"ఇప్పుడు బాగైందిలే. కారడం మానేసింది."

వెనక్కి తిరిగి చూస్తే ధార లేదు. ఇంజను చప్పుడు కూడా కాస్త బొంగురుపోయినట్టుంది.

"ఆపెయ్యండి!"

"ఇంకెంత, సగం వచ్చేశాంగా" అన్నారు మావారు.

"ఒడ్డు వచ్చేలోపు ఇంజను పట్టేస్తుంది. ఇంక తెడ్డుతోనే వెళ్ళాలి ఎప్పటికీ. ఆపండి!"

మోటారు ఆపడానికి మణికట్టుకి కట్టుకున్న తాడు లాగేశారు మావారు. మోటారు ఆగింది. అంత నిశ్శబ్దం నేను ఏటి మీద ఎప్పుడూ వినలేదు. ఆయన లంగరు వేసి, మోటారుని పైకి వాల్చారు. జల్లెడ నిండా బంతి రేకులు, మెత్తగా నూరి అంటించినట్టు. ప్రొపెల్లరు ఇరుసుకి దండ దారం బిగుసుకుపోయింది.

అత్తగారు అంతా చూశారు.

"నేను వేసిన దండేగా" అన్నారు. "ఆ తల్లి వద్దంటోంది. వెనక్కి పోనివ్వరా. నాకు రాసిపెట్టి లేదు."

"అమ్మా, పూలు అడ్డం పడ్డాయంతే."

"అంతే కాదు. నాకు తెలుసు. వెనక్కి పోనివ్వు."

ఆవిడ పట్టుదల నాకు తెలుసు. ఇప్పుడు వెనక్కి వెళ్తే మళ్ళీ ఈ బోటులో కాలు పెట్టరు. అప్పుడే ఆవిడ చీర కొంగు ముడిలోంచి ఫోన్ మోగింది. ఆవిడ ఎప్పుడూ స్పీకరు మీదే మాట్లాడేవారు.

"ఏంటే అక్కా, ఏటి మధ్యలో కూచున్నారు? పిక్నిక్కా?"

"మోటారు ఆగిందే. నేను దండేస్తే అది మింగేసింది. శకునం బాలేదు. ఇంకోసారి వస్తాలే."

"ఇంకోసారా? అప్పటికి నీ మోకాళ్ళు పడుచువైపోతాయా? పొద్దుట్నుంచీ గొడుగు పట్టుకుని కూచున్నా. నీకిష్టమని కంద బచ్చలి వండించా. నువ్వు రాకపోవడమే అపశకునం. పెట్టెయ్, చార్జింగు అయిపోతోంది."

చిన్నత్తగారు ఫోన్ పెట్టేశారు. అత్తగారు ఫోన్ మళ్ళీ కొంగున ముడేసుకున్నారు.

"అది చిన్నప్పట్నుంచీ అంతే. నా మాట ఎప్పుడు విన్నది గనక" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నీ పుస్తకంలో దీనికి ఏం చెయ్యమన్నాడమ్మా?"

పుస్తకంలో నాచు గురించి, ప్లాస్టిక్ సంచుల గురించి ఉంది. బంతిపూల గురించి లేదు. గాజులకి పెట్టుకున్న పిన్నీసు తీసి, బోటు అంచు మీంచి వంగి, జల్లెడ లోని రేకుల్ని ఒక్కొక్కటే పీకాను. మావారు చాకుతో దారం కోసి లాగారు. చుట్టలు చుట్టలుగా వచ్చింది. ధార కన్నంలో కూడా పిన్నీసు తిప్పాను. వేడి తగ్గేదాకా ఆగాం. అత్తగారు ఆ రేకుల్ని దోసిట్లోకి తీసుకుని, పారేయకుండా, నెమ్మదిగా ఏట్లోకి వదిలారు. "ఇప్పుడు తీసుకో తల్లీ" అన్నారు.

స్టార్టు చేసే తాడు లాగగానే మోటారు అందుకుంది. ముగ్గురం ఆ చిన్న కన్నం వంకే చూస్తున్నాం. ముందు చుక్కలు. తర్వాత ధార.

"కారుతోంది! కారుతోంది!" అని చప్పట్లు కొట్టారు అత్తగారు.

లంక దగ్గర లోతు తక్కువ. ఇసుక లోపలికి లాగకుండా మోటారు ఆపి వాల్చేసి, మావారు దిగి బోటుని లాగారు. మాతో తెచ్చిన కుర్చీ నీళ్ళ అంచున వేశాం. కర్ర ఊతంతో చిన్నత్తగారు అక్కడిదాకా వచ్చేసి, పాదాలు తడుస్తున్నా పట్టించుకోకుండా చెయ్యి చాపారు. అత్తగారు దిగకముందే ఆ చెయ్యి పట్టుకున్నారు. బోటు అంచుకి అటొకరు, ఇటొకరు.

"ఇంత నల్లబడ్డావేంటే?"

"ఎండలో కూచోబెట్టింది ఎవరు? నీ జుట్టేదీ, ఫోన్లో బానే ఉండేది?"

చిన్నత్తగారు పోయి ఏడాది దాటింది. ఆ రోజు ఒడ్డున అక్కని దెప్పిన ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

పొద్దు వాలుతుంటే బయల్దేరదామన్నాం. అత్తగారు కదల్లేదు.

"కార్తీకం వెళ్ళేదాకా ఉంటాను. మీరు వెళ్ళండి" అన్నారు.

"మరి నీ బీపీ మాత్రలు?" అన్నారు మావారు.

ఆవిడ సంచి తెరిచి చూపించారు. మాత్రలు, చీరలు, కళ్ళజోడు, కొబ్బరినూనె. ఇంటి దగ్గరే సర్దేసుకున్నారు.

"చెప్పొచ్చు కదమ్మా."

"చెప్తే నువ్వు బయల్దేరకముందే బెంగపెట్టుకుంటావు" అని, కంద బచ్చలి గిన్నె నా చేతికిచ్చారు.

ఇద్దరమే బోటెక్కాం. మనిషి తగ్గేసరికి అది నీళ్ళ మీద తేలిగ్గా ఊగింది. మావారు మోటారు స్టార్టు చేసి, ధార చూసి, పక్కకి జరిగారు.

"పుస్తకంలో తోలింది చాలు. ఇలా రండి లైబ్రేరియన్ గారూ" అన్నారు.

పిడి పట్టుకున్నాను. కుడికి తిప్పితే ఎడమకి పోయింది. చదివిందే అయినా ఉలిక్కిపడ్డాను. సర్దుకుని వెనక్కి చూశాను, ఒడ్డున నిలబడి చెయ్యి ఊపుతారేమోనని. ఊపడానికి అక్కడ ఎవరూ లేరు. అక్కచెల్లెళ్ళిద్దరూ అప్పటికే మాకు వీపు తిప్పి, ఒకే కర్ర మీద ఇద్దరి చేతులూ వేసి, దేని గురించో గట్టిగా పోట్లాడుకుంటూ గట్టెక్కి వెళ్ళిపోతున్నారు.