గట్టుకి పోసిన గుట్ట

మాది గుండుగొలనుకి దిగువన, కొల్లేటి అంచు ఊరు. ఎంత లోతు తవ్వినా నల్ల బంకమట్టే గానీ గులకరాయి దొరకదు. చేపల చెరువు గట్టు జారితే గ్రావెల్ మెట్ట నుంచి రావాల్సిందే. దాన్ని ఎక్కడ తవ్వి తెస్తారో అడిగే అలవాటు మాలో ఎవరికీ లేదు. వచ్చిందా, పోశామా, వానల్లోపు తొక్కించామా, అంతే.

ఆ జూన్‌లో మా చెరువు తూర్పు గట్టు సగం జారింది. టిప్పర్ పోసిన కుప్పలో నాకో కుండపెంకు కనిపించింది. బయట ఎరుపు, లోపల నలుపు. బళ్ళో సోషల్ చెప్పేదాన్ని కదా, చూడగానే గుర్తుపట్టాను. ఇలాంటివి మనుషులు ఇనుము వాడకం నేర్చిన తొలినాళ్ళవని పిల్లలకి ఏటా బొమ్మలు చూపించేది నేనే. "పగిలిన కుండకి ఇంత కంగారేంటి?" అని మా ఆయన నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "ఏవండీ, ఎక్కడ తవ్వుతున్నారో నేను చూసి తీరాలి" అని పట్టుబట్టాను.

మర్నాడు పొద్దున్నే బండి మీద బయల్దేరాం. ద్వారకా తిరుమల దాటినా నా మనసులో ఒకటే మొక్కు, ఆ పెంకు ఎలా వచ్చినా సరే, మా లోడ్ల కోసం ఒకప్పటి మనుషుల ఇల్లు మాత్రం తవ్వి ఉండకూడదని. ఇంకోపక్క ఆకాశం చూస్తే దడ. ఒక్క పెద్ద వాన పడితే గట్టు తెగి, ఏడాది పెంచిన చేప కొల్లేట్లో కలిసిపోతుంది.

చింతలపూడి అవతల, పామాయిల్ తోటల వెనక, తమ్మిలేరు పైన ఉంది ఆ గుట్ట. మేం వెళ్ళేసరికి సగమే మిగిలింది. కోసిన చోట మట్టి గోడలా నిలబడింది. అందులో నడుమెత్తున బూడిద చార, మసిబారిన మూడు రాళ్ళు, పక్కన ఓ సన్నికల్లు. అరిగి అరిగి మధ్యలో పల్లం పడింది. మా వంటింట్లోదీ అంతే. ఎవరో ఆడమనిషి ఇక్కడ కూర్చుని, కింద ఏటిని చూసుకుంటూ నూరుకుని ఉంటుంది. పరాయివాళ్ళ వంటింట్లోకి చెప్పులతో వచ్చేసినట్టు సిగ్గేసింది.

"పైన రాళ్ళ గూళ్ళున్నాయండి, రాకాసి గుళ్ళంటాం. సమాధులంట. వాటి జోలికి మేం పోవండి. ఇది ఉత్త మట్టే కదండీ" అన్నాడు గుట్ట కింది తోట రైతు, మా ఊరూ పేరూ కనుక్కుని.

"ఈ మట్టి ఎవరికెళ్తోందండీ?"

"ఇంకెవరికండీ, మీకే. ఈ వారమంతా మీ లోడ్లే. ఇంకో ఆరు పోతే సరిపోద్దన్నారు టిప్పర్ల సారు."

"వేరేపక్క తియ్యలేరా?" అన్నాను.

"అటంతా రాయండి, మిషను దిగదు. వేరే గుట్ట చూడాలంటే వారం పడుద్దండి."

పడమట మబ్బు కమ్ముకొస్తోంది. మిషను నడిపే అతను ఇంజను ఆపి మా వైపే చూస్తున్నాడు. మా ఆయన ముఖంలో ఇప్పుడు నవ్వు లేదు. "నువ్వు చెప్పు. వద్దంటే ఇప్పుడే ఆపించేస్తాను. గట్టు సంగతి తర్వాత చూద్దాం" అన్నారు.

ఆయన నిజంగానే అన్నారు. మొండికేసినా బాగుండేది, పోట్లాడి ఓడిపోయి జీవితాంతం ఆయన్నే తిట్టుకునేదాన్ని. బూడిద చార వైపు చూశాను. మబ్బు వైపు చూశాను.

"ఆ సన్నికల్లు తీసి పక్కన పెట్టి, కానివ్వండి" అన్నాను.