సుగుణ సిస్టర్ మీద పడిన నింద

ఇన్నేళ్లుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. గొంతుతోనే బతికినదాన్ని. తెరమీద ఎవరెవరో ఏడిస్తే ఆ ఏడుపు నేను ఏడ్చాను, ఎవరెవరో క్షమించమంటే ఆ మాట నేనే పలికాను. నాది మాత్రం దాచుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలేమో. వినండి.

తొంభైల నాటి మాట. కృష్ణానగర్‌లో అక్కా నేనూ ఒకే గదిలో ఉండేవాళ్లం. అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. తను సినిమావాళ్లకు బట్టలు కుట్టేది, నేను డబ్బింగ్ చెప్పేదాన్ని. ఒకరోజు జాకెట్ హుక్కులు పెట్టుకుంటూ, రొమ్ములో గడ్డ తగులుతోందే అంది. పరీక్షల్లో క్యాన్సర్ అని తేలింది. త్వరగా ఆపరేషన్ చేయాలన్నారు.

సరిగ్గా అప్పుడే గుజరాత్ వైపు ప్లేగు వచ్చిందని పేపర్ల నిండా వార్తలు. జూబ్లీహిల్స్ కార్ల అద్దాలు దిగడం మానేశాయి. మా వీధిలో అందరి ముఖాలకూ చేతిరుమాళ్లు. మేం చూపించుకుంటున్న ఆసుపత్రి ఆపరేషన్లు వాయిదా వేసింది. అక్కది ఒకసారి, మళ్లీ ఇంకోసారి. చివరికి డాక్టరుగారే పట్టుబట్టారు. ఈమెది ఆగేది కాదు, జాగ్రత్తగా చేద్దాం అన్నారు. వరండా చివర విడిగా గది ఇచ్చారు. చూడ్డానికి ఎవరూ రాకూడదు. తోడు ఒక్క మనిషే, ఆ మనిషి బయటికి పోకూడదు. గుమ్మం దగ్గర అందరినీ ఆపి అడిగేది నర్సు సుగుణ సిస్టర్. వరంగల్ వైపు అమ్మాయి. నా ఈడుదే.

"జ్వరం, దగ్గు గిట్ల ఏమన్న ఉన్నదా అమ్మా?"

"లేదండీ."

"కండ్లు జర ఎర్రగున్నయ్."

"నిద్ర లేదండీ. అక్క గురించి బెంగ."

"ఫికర్ చేయకు. మీ అక్కను మేం చూసుకుంటం."

అబద్ధం. అప్పటికి రెండు రోజులుగా నా ఒళ్లు కాలుతోంది. జ్వరం బిళ్ల వేసుకుని వచ్చాను. దగ్గంటారా, టేక్ అయ్యేదాకా మైకు ముందు దగ్గు మింగడం నాకు అలవాటే. ఆ విద్యే అక్కడా వాడాను. నిజం చెబితే మళ్లీ వాయిదా వేస్తారని, ఈలోగా గడ్డ పాకిపోతుందని భయం. అది ప్రేమే అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ప్రేమేనా? నాకు ఒంట్లో బాగాలేదు, ఇంకెవరినైనా తోడు పెట్టనా అని ఒక్క మాట అడిగి ఉండొచ్చు కదా. అక్క కళ్లు తెరిచేసరికి ఎదురుగా నేనే ఉండాలన్న పంతం అందులో లేదా?

ఆపరేషన్ బాగా జరిగింది. ఆ తర్వాత అక్కకు జ్వరం, దగ్గు. దగ్గినప్పుడల్లా కుట్లు లాగి విలవిల్లాడిపోయేది. ప్లేగేమోనని ఆయాలు గదిలోకి రావడం మానేశారు. సుగుణ సిస్టర్ మాత్రం ముక్కుకి గుడ్డ కట్టుకుని వచ్చేది. అక్క ఛాతీకి దిండు అదిమిపెట్టి, "ఇప్పుడు దగ్గక్కా, నేను పట్టుకున్న" అనేది.

ప్లేగు కాదని తేలింది. మామూలు జ్వరమే, ఊపిరితిత్తుల్లోకి దిగింది. కానీ దాన్ని లోపలికి ఎవరు తెచ్చారన్న ఆరా మొదలైంది. అప్పటికి సిస్టర్ కూడా దగ్గుతోంది. మేనేజరు నన్ను అడిగాడు, మీకేమైనా నలతగా ఉండిందా అని. సిస్టర్ అక్కడే నిలబడి ఉంది. నేను తల అడ్డంగా ఊపాను.

జబ్బు దాచి డ్యూటీకి వచ్చిందని ఆ సాయంత్రమే ఆమెను పనిలోంచి తీసేశారు. వెళ్లేముందు తలుపు దగ్గర ఆగి, లోపలికి రాకుండానే, దిండు ఎలా పట్టుకోవాలో నాకు మళ్లీ చూపించి వెళ్లింది. ఆమెకు తెలుసా? నా దగ్గు ఎప్పుడూ వినలేదా? ఇప్పటికీ నాకు తెలియదు.

ఆమె చూపించినట్టే పట్టుకున్నాను. అక్క కోలుకుంది. ఆగకూడదని పట్టుబట్టిన ఆ డాక్టరుగారికి మనసులో ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో. సిస్టర్‌కి దండం పెట్టాలంటే మాత్రం చేతులు లేచేవి కావు.

కొన్నాళ్లకు వెంగళరావు నగర్‌లో ఒక చిన్న క్లినిక్‌లో ఉందని తెలిసి వెళ్లాను. చెప్పేయాలనే వెళ్లాను. నన్ను చూడగానే, "మీ అక్క మంచిగున్నదా?" అంది. బాగుందన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. అంత సంతోషం చూశాక చెప్పకుండానే తిరిగొచ్చేశాను. మళ్లీ ధైర్యం చేసి వెళ్లేసరికి అక్కడ మానేసిందన్నారు. ఎక్కడికి వెళ్లిందో ఎవరూ చెప్పలేకపోయారు.

అక్క ఇప్పటికీ దీపం పెట్టినప్పుడల్లా ఆమెను తలుచుకుంటుంది. "పాపం, ఒంట్లో బాగాలేకుండానే వచ్చిందట. అయినా ఆ పిల్ల వల్లే బతికాను. ఎక్కడున్నా చల్లగా ఉండాలి" అంటుంది. ఈ ఉదయం కూడా అంది. ఎందుకో తెలియదు, ఈసారి వింటూ ఊరుకోలేకపోయాను.

"జ్వరం తెచ్చింది ఆమె కాదక్కా. నేను. ఆమెకు అంటించిందీ నేనే."

అక్క అగ్గిపెట్టె పక్కన పెట్టింది. "ఆ అమ్మాయితో చెప్పావా?" అంది.

లేదన్నాను. లేచి గదిలోకి వెళ్లిపోయింది. ఇంకా బయటికి రాలేదు. కోపమో, ఏడుస్తోందో. ఏదైనా నాకు న్యాయమే. బయట కూర్చుని ఇది రాస్తున్నాను. గుండెల నిండా గాలి ఆడుతోంది.

సుగుణ సిస్టర్, మా అక్కను బతికించింది మీరు. ఆ జ్వరం తెచ్చింది నేను.