కలాయి తాత తడిపి ఉంచిన ఇనుప టోపీ

మా వాడకట్టులో గిన్నెలకు కలాయి వేసే తాత పోయి పదకొండు రోజులయింది. పోయిన మనిషిని తలచుకోవడానికి తొందర అక్కరలేదు. కాని చనిపోయిన పెద్దల పేరున బియ్యం ఇచ్చే పెత్తరమాస ఇంకా నలభై రోజులే ఉంది. ఆ లోపల నేను చేసిన ఒక తప్పు సరిదిద్దాలి. అది నా ఒక్కదాని వల్ల కాదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేను. వెళ్ళనిచ్చింది తాత. ఆడపిల్లకు ఉర్దూ చదువెందుకని మా నాయన అడ్డం తిరిగితే, తాత తిత్తి ఊదడం ఆపి, "గిన్నెకు కలాయి పోతే నేనేస్త. పిల్ల తలకాయకు ఎవడేస్తడు, నువ్వేస్తవా?" అన్నాడు. నాయనకు నవ్వొచ్చింది. మర్నాడే నేను పలక పట్టుకుని బడికి బయల్దేరాను. తాత చేతులకు ఎప్పుడూ కలాయికి వాడే నవసాగరం వాసన ఉండేది. కలాయి వేసిన గిన్నెలో ముందు తన ముఖం చూసుకుని, "ముసలోడు కనవడ్తుండు, ఇగ తీస్కపో" అని ఇచ్చేవాడు. ముఖం కనపడకపోతే గిన్నె మళ్ళీ పొయ్యి మీదికే.

ఈ రెండో పెద్ద యుద్ధం ముగిసిన మరుసటి ఏడు తాత బిచ్కుంద అంగడి నుంచి పాత ఇత్తడి మూట తెచ్చుకున్నాడు. అందులో ఒక సిపాయి ఇనుప టోపీ ఉంది. అమ్మిన మరాఠీ వ్యాపారికి అది ఎక్కడిదో తెలియదట. తగరం కరిగించే మూకుడుగా పనికొస్తుందని తాత దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. "కోడిపిల్లలకు నీళ్ళు పెట్టరాదు తాతా" అని దారిన పోయేవాళ్ళు ఆటపట్టించారు. తాత ఉలి మొనతో దాని రంగు కొంచెం గీరాడు. ఆ తర్వాత మూకుడు మాట ఎత్తలేదు.

సాయంత్రం నన్ను పిలిచి చూపించాడు. పైన ఆకుపచ్చ రంగు. దాని కింద ఇసుక రంగు. ఇంకా కింద నల్లగా మరో పచ్చ. లోపలి తోలు పట్టీ ఈ మధ్యదే. పాత పట్టీకి కొట్టిన రంధ్రం పూడ్చిన జాడ పక్కనే ఉంది.

"గిది ఎన్కటి లడాయికి చేసింది బిడ్డా. గీ లడాయికి మళ్ల బాగు చేసిండ్రు. అంటే రెండు తలకాయలు మోసింది."

"ఆ తలకాయలేవి తాతా?"

"గదే అడుగుతున్న దాన్ని."

నవ్వుతాడని చూశాను. నవ్వలేదు.

తాత ఇంటికి ఎదురుగా ఒక అవ్వ ఉంటుంది. ఆమె ఒక్క కొడుకు ఈ యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. చనిపోయాడన్న కాగితమూ రాలేదు. ఆమె దగ్గర ఉన్నదల్లా అతను ఉర్దూలో రాసిన ఒక కార్డు. 'ఎటు చూసినా ఇసుకే' అని రాసి, కింద తన నంబరు చివరి మూడంకెలు వేశాడు. ఏడు వందల పదిహేడు. ఆ కార్డు అవ్వకు ఎన్నోసార్లు చదివి వినిపించింది నేనే. తాత తన అరుగు మీద పని ఆపి వినేవాడు, ఒక్కోసారి వచ్చి కార్డు కింది అంకెలను వేలితో తడిమి చూసేవాడు.

టోపీ లోపల, ఇసుక రంగు మీద, మేకుతో గీసిన ఉర్దూ అంకెలు మూడు ఉన్నాయి. తాతకు చదువు రాదు. చదవమని నా చేతికిచ్చాడు. అప్పటికే అవ్వ వీధి దాటి వచ్చి నిలబడింది.

"ఏమున్నది బిడ్డా, గా టోపీల?"

వెలుతురుకు ఎత్తి పట్టి గట్టిగా చదివాను. "ఎనిమిది వందల పద్దెనిమిది." తడుముకోకుండా చదివినందుకు నాకు గర్వంగా కూడా ఉంది.

"మావోనిది కాదు," అంది అవ్వ. తాత వైపు తిరిగి, "ఒక్క టోపీయే ఇంటికొస్తె తలకాయ ఏడ ఉన్నట్టు, అన్నా? కాదు. మావోనిది కాదు" అని వెళ్ళిపోయింది. ఆ ఏడాది కూడా పెత్తరమాసకు పెద్దలకు బియ్యం ఇచ్చినప్పుడు ఆమె చనిపోయిన భర్త పేరుకే ఇచ్చింది, కొడుకు పేరుకు ఇవ్వలేదు.

తాత టోపీని ఒళ్ళో చుట్టూ తిప్పుతూ, "గుండ్రటిదానికి మీదేది, కిందేది బిడ్డా?" అన్నాడు. వేళాకోళమనుకుని నేను నవ్వాను.

ఆ టోపీకి కుడివైపు ఒక సొట్ట ఉంది. ఎంత సొట్ట గిన్నెనైనా సాపు చేసే తాత దాన్ని మాత్రం కొట్టలేదు. "గా దెబ్బ గా మనిషిది. తీసేటందుకు నేనెవర్ని?" అన్నాడు. మధ్యాహ్నం ఎండ తగలగానే ఆ సొట్ట వెనక్కి తన్ని 'టప్' మని ఒక్కసారి మోగేది. మొదటి రోజు అది మోగగానే ఎదురింట్లోంచి, "ఆఁ, వస్తున్న కొడకా!" అని అవ్వ తలుపు తీసింది. ఆమె కొడుకు తలుపు తట్టేవాడు కాదట. గడప దగ్గరి చెంబును వేలితో ఒక్కసారి కొట్టేవాడట. అవ్వ వీధి ఇటు చూసింది, అటు చూసింది. ఎవరూ లేరు. మమ్మల్ని చూసి సిగ్గుపడి తలుపు వేసుకుంది.

మర్నాటి నుంచి తాత టోపీ మీద తడి గోనెపట్టా కప్పాడు. పొద్దెక్కగానే ఒకసారి, పన్నెండింటికి ఒకసారి చెంబుతో నీళ్ళు చల్లేవాడు. చల్లగా ఉంటే ఇనుము మోగదు. జ్వరంతో లేవలేని రోజున కోడలిని పిలిచి, "దానికి నీళ్లు పోసినవా?" అని తన గంజి కంటే ముందు అడిగేవాడు. పశువును సాకినట్టు సాకుతుండు అని వాడకట్టంతా నవ్వింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

పదకొండు రోజుల కింద తిత్తి ముందు కూచున్నవాడు కూచున్నట్టే పోయాడు. ఇల్లంతా ఏడుపులో ఉంటే గోనెపట్టా తడపాలని ఎవరికి గుర్తుంటుంది? మూడో రోజు వాన వెలిసి ఎండ కాసింది. 'టప్' మంది. అవ్వ ఈసారి వీధి చూడలేదు. నేరుగా తాత అరుగు దగ్గరికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది. "అప్పుడు అన్న గిన్నె కొట్టిండనుకున్న. ఇప్పుడు అన్న లేడు గదా బిడ్డా. మరి గిప్పుడు పిలుస్తున్నదెవరు?"

తాత కోడలు హడలిపోయింది. "నువ్వు తీస్కపో పిల్లా. గది మా ఇంట్ల ఉండొద్దు" అని టోపీ నా చేతుల్లో పెట్టేసింది. ఇంటికి తెచ్చి కిటికీ దగ్గర పెడుతుంటే అది నా చేతుల్లో సగం తిరిగింది. అంకెలు మారిపోయాయి.

ఉర్దూలో ఏడుకు మొన కింద ఉంటుంది, ఎనిమిదికి మొన పైన. ఒకటి ఒట్టి నిలువు గీత. ఏడు వందల పదిహేడును తలకిందులు చేస్తే ఎనిమిది వందల పద్దెనిమిది. కాగితానికైతే పైనా కిందా ఉంటాయి. టోపీకి లేవు. తాత ఆ రోజు అడిగింది వేళాకోళం కాదు.

అంకెలు రాని తాత టోపీని తిప్పి, వాటి ఆకారాన్ని కార్డు మీద చూసినవాటితో పోల్చుకున్నాడు. కార్డులోని ఇసుక మాట ఆయనకు తెలుసు. నా చదువు తప్పని అవ్వ ముందు ఎందుకు అనలేదు? నన్ను చిన్నబుచ్చడం ఇష్టం లేకా, అవ్వ ఇంకొన్నాళ్ళు ఎదురుచూడాలనా? అడగడానికి ఇప్పుడు ఆయన లేడు.

నిన్న అవ్వ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె చాటలో బియ్యం ఏరుతోంది. భర్త పేరున ఇచ్చే బియ్యం కుప్పగా పోసి, పక్కన ఒక గుప్పెడు విడిగా పోసి, దాని మీద అరచెయ్యి పెట్టింది. "గిది వాడొస్తె వండెటందుకు కుండల పొయ్యాల్నా, వాని పేరు మీద ఇయ్యాల్నా? సదువుకున్నదానివి, ఈసారి సరిగ్గ సదివి చెప్పు" అంది.

చదువరులారా, ఈ యుద్ధానికి వెళ్ళిన మీవాళ్ళలో ఎవరి నంబరు చివరనైనా ఎనిమిది వందల పద్దెనిమిది ఉందా? కుడివైపు సొట్టపడిన టోపీ పోగొట్టుకున్నామని ఎవరైనా చెప్పారా? ఉంటే ఆ టోపీ మీవాడిదే, అవ్వ కొడుకుది కాదు; ఈ పత్రిక చిరునామాకు ఒక్క కార్డు రాయండి. నాకు చేరుతుంది. పెత్తరమాసకు మూడు రోజుల ముందు వచ్చే టపా వరకు చూస్తాను. అప్పటిదాకా ఆ గుప్పెడు బియ్యం మీది నుంచి చెయ్యి తీయనని అవ్వ అంటోంది.