రాళ్లాయన

వాచీలు బాగుచేసే ఆయన్ని వీధి వీధంతా రాళ్లాయన అంటుంది. సెలవొస్తే చాలు, సుత్తీ సంచీ పట్టుకుని కొండల మీద పడతాడు. తెచ్చిన ప్రతి రాయినీ ఆయన భార్యే బకెట్లో నానేసి, పాత బ్రష్షుతో తోమి, అలమరలో పెడుతుంది. ఈసారి ఎండిన ఉప్పు సరస్సుకు వెళ్లాడు. బురద పెచ్చు కింద, ఇన్నేళ్లూ కలలు కన్న గులాబీరంగు ఉప్పు స్ఫటికం, బొటనవేలంత, దొరికింది. రాత్రంతా బస్సులో గుండెకు హత్తుకుని తెచ్చి, సంచి గడప దగ్గర పెట్టి, ఒక్క మాటైనా చెప్పకుండా మంచం మీద వాలిపోయాడు. లేచేసరికి మధ్యాహ్నమైంది. ఆవిడ చెయ్యి బకెట్ అడుగున తడుముతోంది.

"పొద్దున్నే నానేశానండీ. రాయి ఎక్కడికి పోతుంది?"

ఆయన ఆవిడ పక్కనే చతికిలబడి, నీళ్లలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు.

"ఎక్కడికీ పోలేదులే. ఇందులోనే ఉంది."