ప్రార్థనలో పెట్టిన కొరియా సినిమా

మా అక్కను బల్లకు దూరం పెట్టి ఈ ఆదివారానికి ఏడు వారాలు. బల్ల అంటే మా సంఘంలో ప్రభువు బల్ల. ఆరాధన చివర రొట్టె విరిచి పళ్ళెంలో పెడతారు. దాని వెనకే ద్రాక్షరసం గిన్నె వస్తుంది. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వరుసగా సాగుతుంది. తప్పు చేశారని పెద్దలు తేల్చినవాళ్ళు చివరి బెంచీ మీద కూర్చోవాలి. ఆ బెంచీ దాకా పళ్ళెం పోదు. అక్క బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి, రెండు కాన్పుల రోజులు తప్ప, బల్ల మానింది లేదు. జ్వరంతో ఒళ్ళు కాలుతున్నా చీర మార్చుకుని వచ్చేది. అలాంటి మనిషిని వెనక్కి తోశారు. ఒక కొరియా సినిమా సగం చూసినందుకు. కోపం చల్లారాక రాద్దామనుకున్నాను. చల్లారలేదు.

అక్క చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తుంది. కాయల కాలంలో పొద్దంతా నిలబడి తోతాపురి కాయల్లో పాడైనవి ఏరుతుంది. పక్కన నిలబడే తమిళ పిల్ల ఒకతె అక్క ఫోనులో ఈ సినిమాలు ఎక్కించింది. తెలుగు మాటలు పెట్టినవే. అన్నం తినే వేళ ఇద్దరూ క్యారియరు మూతకు ఫోను ఆనించుకుని చూసేవాళ్ళు.

నిజం చెప్పాలంటే మొదట తిట్టింది నేనే. ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెప్పేదాన్ని, నాకు అలా తిట్టడం బాగా వచ్చు.

"నలభై ఎనిమిదేండ్లకు నీకు ప్రేమ సినిమాలా అక్కా? వాక్యం సదువుకునే దానికి టైము లేదంటావు!"

"అరవొద్దు మే. ఆ పిల్లోడు నారింజ పండు ఎట్లా వలిసి పెడతాడో ఒక్కసారి సూడు. తెల్ల పీసు గూడా తీసేసి పెడతాడు."

"సైతానుగాడు గూడా వలిసే పెట్టినాడు ఆనాడు!"

అక్క నవ్వేసింది. ఆమెకు కోపం రాదు. ఆ వాటా కూడా నాకే వచ్చినట్టుంది.

శుక్రవారాలు మాకు ఉపవాస ప్రార్థన. సంఘ పెద్ద ఒకాయన ఇంట్లో సాయంత్రం కూడుకుంటాం. ప్రార్థనకు ముందు మా పాస్టరు అయ్యగారు ఒక్కొక్కరినీ మనవులు అడుగుతారు. ఒకరికి మోకాళ్ళ నొప్పి, ఒకరి కొడుక్కి ఉద్యోగం, ఒకరికి ఇంటి స్థలం తగాదా. అక్క వంతు వచ్చినప్పుడల్లా "నాకేం లేదు అయ్యగారూ, స్తోత్రం" అనేది. ఆ శుక్రవారం మాత్రం ఫ్యాక్టరీలో గంట కొట్టేయడంతో సినిమా మధ్యలో ఆపేసి వచ్చింది. మనసంతా అక్కడే ఉంది. వంతు రాగానే నోరు తెరిచింది.

"ఒక బిడ్డ ఉండాది అయ్యగారూ. బట్టలుతికి బతికే బిడ్డ. ఆ బిడ్డను పెండ్లి చేసుకోవాల్సిన పిల్లోడు కనపడకుండా పొయ్యి, మూడేండ్లకు తిరిగొచ్చినాడు. పొద్దుగూకినాక వస్తాడు, తెల్లారేసరికి యాడికి పోతాడో తెలీదు. ఈదిలో అందరినీ గుర్తుపడతాడు, ఆ బిడ్డను తప్ప. దినామూ 'నీ పేరేంది' అని అడుగుతాడు. ఆ బిడ్డ దినామూ చెప్తాది. వాడికి గుర్తు రావాలని ప్రార్థన చెయ్యండి."

చెబుతూ ఏడ్చేసింది. గదిలో ఆడవాళ్ళందరం కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నాం. అయ్యగారు మోకాళ్ళ మీదికి దిగి గొంతెత్తారు. చాలాసేపు ప్రార్థించారు. ఉన్నట్టుండి ఆగి, కళ్ళు మూసుకునే ఉండి, "ప్రభువు నాకు చూపిస్తున్నాడు! రైలు స్టేషను కనబడుతోంది. గూడూరు! ఆ పిల్లవాడు గూడూరులో ఉన్నాడు!" అన్నారు. గది దద్దరిల్లేలా ఆమేన్ అన్నారు అందరూ. ఆ గొంతుల్లో నాదీ ఉంది.

అక్క ఒక్కతే ఆమేన్ అనలేదు. తల ఎత్తి అయ్యగారి వైపు చూస్తూ ఉండిపోయింది.

ప్రార్థన జరిగిన ఇంటి పెద్దాయన బామ్మర్ది గూడూరులో నిమ్మకాయల వ్యాపారం చేస్తాడు. మంచి మనసుతోనే మంగళవారం అక్క ఇంటికి వచ్చాడు పెద్దాయన. నేను అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాను.

"ఏమ్మా, ఆ పిల్లోడి ఫోటో ఉంటే ఇయ్యి. మా బామ్మర్ది స్టేషను కాడ నలుగుర్ని అడుగుతాడు."

అక్క ఫోను తీసి చూపించింది. "ఈ పిల్లోడేనన్నా."

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "ఏందమ్మా, నేపాలోడా?"

"లేదన్నా, కొరియా."

"కొరియావోడికి గూడూరులో ఏం పనమ్మా?"

"గూడూరని నేను సెప్పలేదన్నా, అయ్యగారు సెప్పినారు. ఇది సినిమా."

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. పెద్దాయన ఫోను వైపు చూశాడు, అక్క వైపు చూశాడు, మంచినీళ్ళు కూడా తాగకుండా లేచి వెళ్ళిపోయాడు.

శనివారం పెద్దలు పిలిపించారు. అక్కతో నేనూ వెళ్ళాను. నలుగురు పెద్దలు, అయ్యగారు, కుర్చీల్లో. మేము చాప మీద. లేని మనుషుల కోసం ప్రార్థన చేయించి సంఘాన్ని మోసం చేసిందని ఒకరన్నారు. కథంతా అక్క చేత చెప్పించుకుని, గోడల్లోంచి, బట్టలుతికే మిషన్లలోంచి మనుషులు ఊడిపడే సినిమాలు మంత్రతంత్రాలతో సమానమని ఇంకొకరన్నారు. అయ్యగారు నేల వైపు చూస్తూ కూర్చున్నారు. గూడూరు మాట ఎవరి నోటా రాలేదు.

నేనే తెచ్చాను. "పిల్లోడు సినిమాలో పిల్లోడైతే, ఆ దినం గూడూరు స్టేషన్లో కనపడింది ఎవరు అయ్యగారూ?"

అయ్యగారికి బదులు ఒక పెద్ద, "సిస్టర్, ఆడవాళ్ళు పెద్దల్ని ప్రశ్నించేది వాక్యానుసారం కాదు" అన్నాడు. పాపం ఎవరిదో నాకు అప్పుడే తెలిసిపోయింది. అక్క సినిమా చూసినందుకు కాదు ఈ శిక్ష. అయ్యగారు చూడనిది చూశానన్నారని అందరికీ తెలిసిపోయినందుకు. ఆయన "పొరపాటుపడ్డాను తల్లీ" అని ఒక్క మాట అని ఉంటే నేనే లేచి ఆయనకు నమస్కారం పెట్టేదాన్ని.

సంఘం ముందు నిలబడి అబద్ధం చెప్పానని ఒప్పుకునేదాకా బల్ల లేదని తీర్పు. అక్క చేతులు కట్టుకుని నిలబడింది.

"సినిమా సూసినానని సెప్తాను. ఏడిసినానని సెప్తాను. అబద్ధమాడినానని మాత్రం సెప్పలేను అయ్యగారూ. ఆ బిడ్డ కోసం నిజంగానే అడిగినాను."

ఆ పాపమేంటో చూద్దామని ఆదివారం మధ్యాహ్నం ఫోను లాక్కుని కూర్చున్నాను. ఇరుకు సందులో ఒక బట్టలుతికే షాపు. సాయంత్రం ఆరు కాగానే గుండ్రటి మిషను తలుపు తెరుచుకుని, తడిసిన కోటుతో ఆ అబ్బాయి బయటికి వస్తాడు. ఆ పిల్ల కెవ్వుమనదు, తువ్వాలు అందిస్తుంది. పక్క షాపు ముసలామె "ఇయ్యాళ ఆలస్యమైందే" అని, తిన్నావా అని అడుగుతుంది. ఆ పిల్ల నవ్వితే తీగ మీద ఆరేసిన చొక్కాలు కొంగల్లా ఎగిరిపోయి, సాయంత్రానికి మడతపెట్టుకుని తిరిగొస్తాయి. ఎందుకు, ఎట్లా అని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. ఒకచోట పగలబడి నవ్వాను. అక్క ఫ్యాక్టరీలో ఆపిన చోటు రాగానే ఆమె నా చేతిలోంచి ఫోను తీసేసుకుంది.

బైబిలులో గాడిద మాట్లాడిందని నమ్మేవాళ్ళం మేము. ఇనుప గొడ్డలి నీళ్ళ మీద తేలిందనీ, సూర్యుడు నడి ఆకాశంలో ఆగాడనీ పిల్లలకు చెప్పి, ఎట్లా అని అడిగిన పిల్లకు విశ్వాసం లేదని కోప్పడ్డాను నేను. మిషనులోంచి మనిషి వస్తే మాకేం నొప్పి? ప్రభువు చెప్పిన కథల్లో మనుషులు మాత్రం ఏ వీధిలో ఉన్నారు? ప్రవక్త చెప్పిన పేదవాడి గొర్రెపిల్ల కథ విని ఒక రాజు సింహాసనం మీదే మండిపడలేదా? ఆ గొర్రెపిల్ల లేదని ప్రవక్తను బల్లకు దూరం పెట్టారా? ఇవన్నీ పెద్దలకు తెలుసు. నాకు నేర్పింది వాళ్ళే.

"ఇందులో నీకు ఏం నచ్చింది అక్కా?" అని అడిగాను, ఈసారి తిట్టకుండా.

"దినామూ పేరు అడుగుతాడు మే. ఆమె సెప్తే, మొదటిసారి విన్నట్టు వింటాడు." ఫోను కొంగుతో తుడిచింది. "మీ బావ నన్ను పేరు పెట్టి పిలిసి ఎన్నేండ్లయిందో. లారీ దిగి వస్తే 'అన్నం' అంటాడు, అంతే."

అప్పుడు గాని నాకు అర్థం కాలేదు, ఆ శుక్రవారం ఆమె ఎంత పెద్ద మనవి పెట్టిందో. జీవితంలో మొదటిసారి అడిగింది, అదీ ఇంకొకరి పేరు మీద. దానికే వెనక బెంచీ.

పోయిన ఆదివారం పళ్ళెం నా చేతికి వచ్చింది. రొట్టె వాసన తగిలింది. ముట్టుకోకుండా పక్కామెకు అందించి, లేచి, వరుసలన్నీ దాటి వెళ్ళి అక్క పక్కన కూర్చున్నాను. అయ్యగారి గొంతు ఒక్క క్షణం తడబడింది.

అక్క మాత్రం నా మోచేతిని గట్టిగా గిల్లింది. "నీకేం పొయ్యేకాలం? నీ కోపం పెద్దల మీద సూపించు, బల్ల మీద కాదు. పో, పొయ్యి తీసుకో."

"నువ్వు లేకుండా తీసుకోను."

"మొండిదానా." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అటు వైపు పాట మొదలైంది.

పాట చాటున నెమ్మదిగా అడిగాను. "పిల్లోడికి గుర్తొచ్చిందా అక్కా? రెండో సగం సూసినావా?"

"లేదు."

"ఎందుకు? ఇంట్లో నెట్టు ఉండాది కదా?"

అక్క నా వైపు విసుగ్గా చూసింది, ఆదివారం బడి టీచరుకు ఇంత కూడా తెలియదా అన్నట్టు.

"ప్రార్థనలో ఉండాది కదా మే. జవాబు రాకముందే ఎట్లా సూసేది?"