వీరాచారి బిగించని మూత

దకువా చెక్క మీద చిత్రిక పట్టగానే జిగురు వాసన లేస్తుంది. ఈ దీవి కొండల్లో పెరిగే చెట్టు అది. ఇన్నేళ్ళూ ఆ వాసనలోనే బతికాను కనుక మామూలుగా నాకది తెలియను కూడా తెలియదు. కానీ రెండు నెలల కిందట, వానకు తడిసిన పలక ఒకటి గీస్తుంటే ఆ వాసనకు చేతులు ఆగిపోయాయి. ముందురోజు విన్న మాటలు ఇంకా చెవుల్లో ఉండటం వల్ల కావచ్చు. బులిలేకా ఊళ్ళో ఒక పెళ్ళిపందిట్లో, ఇక్కడి మత్తు వేరుతో కలిపే యంగోనా తాగుతూ కూర్చున్నాం. గిరిమిట్టు రోజులు, చెరుకు తోటల్లో ఒప్పందపు కూలీలుగా గడిపిన ఆ రోజులు, చూడని కుర్రాడొకడు వడ్రంగి వీరాచారి కథ చెప్పాడు. దొర మెప్పు కోసం, భార్య కడుపుతో ఉండగా పెట్టెకు మూత బిగించాడట. కడుపులో బిడ్డను పోగొట్టుకున్నాడట. అందరూ తలలూపారు. నేనూ నా వంతు కొబ్బరిచిప్ప అందుకుని తాగేశాను. ఆ కుర్రాడు ఆయన్ని చూడలేదు. ఇది చదివే మీరూ చూసి ఉండరు. అందుకే రాస్తున్నాను. ఆ మూత ఆయన బిగించలేదు. నేను బిగించాను.

నేను ఈ దీవిలో ఓడ దిగినప్పుడు చెరుకు నరకడం చేతకాని వాణ్ణి. రోజూ పని సగంలో మిగిలేది, రోజూ తిట్లు పడేవి. మిల్లు పక్క వడ్రంగి కొట్టంలో పనిచేసే వీరాచారి ఒకసారి నేను కత్తికి పిడి వేసుకోవడం చూసి, నన్ను తనకిమ్మని కూలీల మీద పెత్తనం చేసే సర్దారును అడిగాడు. మాది విజయనగరం వైపు, ఆయనదీ అటే. కులాలు వేరు. కూలీలం వరసగా ఉండే ఆ లైన్ల గదుల్లో అదెవరికీ పట్టేది కాదు. ఆయన్ని అన్నా అని, ఆయన భార్య నరసమ్మను వదినా అని పిలిచేవాణ్ణి. ఉలి ఎలా పట్టాలో, చెక్క ఏ వైపు గీస్తే లేస్తుందో, ఏ వైపు గీస్తే లొంగుతుందో ఆయనే నేర్పాడు. తొందరపడితే మాత్రం సుత్తి లాక్కునేవాడు. "ఒరే అప్పన్నా, చెక్క ఎక్కడికీ పారిపోదురా. నువ్వే పారిపోతున్నావు" అనేవాడు.

మా ఓవర్సీరు దొరకు చేపల పిచ్చి. అతన్ని మేమంతా కులంబరు అనేవాళ్ళం. సీమ నుంచి తెప్పించుకున్న వెదురు గాలపు కర్రలుండేవి. ఒక్కొక్కటి మూడు ముక్కలు, ఇత్తడి గొట్టాలతో ఒకదానిలో ఒకటి దిగేవి. ఈ దీవి చెమ్మకు అవి బూజు పట్టి వంగిపోతున్నాయని వాటికి దకువా చెక్కతో పెట్టెలు చేయమన్నాడు. పొడుగ్గా, సన్నగా ఉండాలి. లోపల ప్రతి ముక్కకూ కొలిచి గాడి తవ్వాలి. గాడిలో కంబళి గుడ్డ అతకాలి. ముక్క కదలకూడదు, అలాగని నొక్కుకుపోనూ కూడదు. ఆచారి ఆ గాడిలో వేలు పెట్టి నిమిరి నవ్వేవాడు. "కర్రకి పరుపట, దుప్పటట, తలుపట! మన గదిలో వాన కురిస్తే మీ వదిన నా నెత్తి మీద గిన్నె పెడుతుంది. వచ్చే జన్మలో గాలపు కర్రగా పుడదాంరా."

ఆ పెట్టెలు చాలా చేశాం. చివరిది చేస్తుండగా నరసమ్మ వదినకు నెలలు నిండుతున్నాయి. భార్య కడుపుతో ఉంటే భర్త జుట్టు కత్తిరించుకోకూడదని, శవాన్ని మోయకూడదని మనందరికీ తెలుసు. ఆచారి ఇంట్లో ఇంకొక నియమం ఉండేది. పురుడయ్యేదాకా ఏ పెట్టెకూ మూత బిగించకూడదు. మూత బిగిస్తే బిడ్డకు దారి మూసినట్టని వాళ్ళ నమ్మకం. అందుకే ఆ పెట్టె అంతా తయారైనా మూత విడిగా గోడకు ఆనించి ఉండేది. కులంబరు రోజూ వచ్చి "బక్సా కబ్?" అని అడిగేవాడు. ఆచారి "చెక్క ఆరలేదు సాబ్" అనేవాడు. చెక్క ఎప్పుడో ఆరిపోయింది.

కులంబరుకు ఓపిక పోయింది. ఆదివారంలోగా పెట్టె చేతికిస్తే నరసమ్మను పొలం మాన్పించి ఆసుపత్రి వంటింట్లో కూర్చోబెడతానన్నాడు. ఆచారి ఆ మాట విని, గోడకు ఆనించిన మూతను చేతిలోకి తీసుకుని మళ్ళీ అక్కడే పెట్టాడు. వదిన అప్పటికే వంగలేకపోతోంది. ఆయన ముందు రెండు దారులున్నాయి, రెండింటి చివరా ఆ బిడ్డే. శనివారం ఆయన గదికి వెళ్ళగానే నేను మడతబందులు పెట్టి మూత బిగించేశాను. వదిన మేలు కోసమే అనుకున్నాను. మంచి పనివాడినని కులంబరు ఒక మాట అంటాడన్న ఆశ కూడా లేకపోలేదు. అతనే వచ్చి పెట్టె చంకన పెట్టుకుని, అందరూ చూస్తుండగా లైన్ల మధ్య నుంచి నడిచి వెళ్ళాడు.

ఆచారి తిరిగొచ్చి ఖాళీ బల్ల చూశాడు.

"నేనే బిగించానన్నా. వదినకి తేలిక పనిస్తానన్నాడు కదా."

ఆయన నా ముఖం వైపు చూడలేదు. "స్క్రూలు తిన్నగా దిగాయా?" అన్నాడు.

"దిగాయి."

"సరే."

సోమవారం సర్దారు వదినను ఎప్పటిలాగే దూరపు పొలానికి పిలిచాడు. కులంబరు చేపలకు వెళ్ళాడు, అడగడానికి లేడు. ఆ వారంలోనే బిడ్డ చనిపోయి పుట్టింది. కుళాయి దగ్గర ముసలామె ఒకతి అందరూ వినేలా అంది: "కర్రకి ఇల్లు కట్టి బిడ్డకి దారి మూసేశావు కదయ్యా, ఆచారీ!" నేను నోరు తెరిచాను. ఆచారి నా మోచెయ్యి పట్టుకున్నాడు. తర్వాత కొట్టంలో అన్నాడు: "వీళ్ళు నిన్ను వెలేస్తే నీకు ముద్ద పెట్టేదెవర్రా? నాకు మీ వదినుంది." ఆ మాట చాటున నేను దాక్కున్నాను. గిరిమిట్టు ముగిశాక కూడా బయటికి రాలేదు. పెళ్ళిపీటలకు, ఉయ్యాలలకు జనం ఆయన దగ్గరికి వెళ్ళడం మానేశారు. చేతిలో దోషముందన్నారు. ఆ పనులన్నీ నాకొచ్చాయి. నా ఇల్లు వాటి మీదే లేచింది. ఆయన బండి చక్రాలు, నాగళ్ళు చేసుకుంటూనే కన్నుమూశాడు.

పెళ్ళిపందిట్లో ఆ కథ విన్న నాలుగు రోజులకు నరసమ్మ వదిన దగ్గరికి వెళ్ళాను. బీన్సు ఒలుస్తోంది. చెప్పాల్సింది చెప్పాను. ఆమె చేతులాగలేదు.

"నువ్వేనని ఆ రోజే సెప్పాడు మీ అన్న. ఎవరు బిగిత్తే ఏటి? పెట్టె, పెట్టె, పెట్టె! ఇన్నేళ్ళూ అందరూ దాని గురించే మాట్లాడారు. ఆ ఏళ నేనెక్కడున్నానో ఒక్కరడిగారేటి? వానలో వంగి చెరుక్కి గొప్పు తవ్వుతున్నాను. నొప్పులొత్తన్నాయంటే, వరస పూర్తి సేసి పొమ్మన్నాడు సర్దారు."

ఆమె ఒలిచిన గింజలు గిన్నెలో పోసి మళ్ళీ అంది: "మీ అన్నకి ఉయ్యాల సెయ్యాలని ఉండేది. ఎవరిదైనా సరే, ఒక్కటి. నువ్వు నోరిప్పుంటే సేసేవోడు."

తిరిగి వస్తుంటే దారిలో రెండుసార్లు కూర్చున్నాను. నా చేతుల్లో ఉన్న పనంతా ఆయనదే. ఆయన పేరు మీద పడ్డ మచ్చ కూడా ఆ చేతులదే. ఇప్పుడు ఉయ్యాల చేయమని ఎవరొచ్చినా, కొలత తీసుకునే ముందు కూర్చోబెట్టి చెబుతున్నాను. మూత బిగించింది నేను, వీరాచారి కాదు. నొప్పులొచ్చిన రోజు నరసమ్మ వానలో గొప్పు తవ్వుతోంది. కొందరు విని కొలత ఇస్తున్నారు. కొందరు ఇంట్లో అడిగి వస్తామని లేస్తున్నారు. వాళ్ళను నేను వెనక్కి పిలవడం లేదు.