చీర వెనుక చేతులు

ధర్మవరంలో ఫోటో స్టూడియో నడిపే హనుమంతరాయుడు మసకబారిన బొమ్మను ఇంతవరకు ఎవరి చేతికీ ఇవ్వలేదు. గిరాకీ తగ్గిపోయినా, రీళ్ల కాలంనాటి ఆ పట్టుదల ఆయనను విడిచిపెట్టలేదు. అందుకే పుట్టమ్మ చాపిన ఫోనులోకి చూడగానే ఆయన ముఖం వాడిపోయింది.

మరునాడు, పోయిన భర్త ఆంజనప్పకు ఆమె ఇంట దివసం. మగ్గం మీదనే బ్రతుకు వెళ్లదీసిన మనిషి. పటానికి బొట్టు పెట్టి దండ వేయాలి. మిగిలినదేమో ఒక్కటే ఫోటో: పెండ్లిలో పదిమంది నడుమ నిలుచున్నది, వాట్సాప్‌లో చేతులు మారి వచ్చినది.

"గోడకు తగిలించేంత మొగం గావల్లన్నా," అన్నది ఆమె.

ఆయన కంప్యూటరులో పెంచి చూపాడు. కళ్లు, మీసం గళ్లుగళ్లుగా విడిపోయాయి.

"అంగుళానికి మున్నూరు చుక్కలుంటే అచ్చు తేటగా వస్తాదమ్మా. ఈ మొగంలో అడ్డానికి నూరే ఉండాయి. గోరంత వేస్తే మనిషి ఉంటాడు, గోడంత వేస్తే ఉండడు. అసలుది యాడ?"

"ఫోను నిండిపోతే మా పిల్ల తుడిచేసింది. గ్రూపులో ఉండాది గదా అనుకుంటిమి."

"ఇంతకీ ఫోను నిండా ఏముండాయి?"

"చీరలు."

అంగడివాళ్లకు పంపేందుకు తీసిన ఫోటోలవి; నేత తేటగా కనిపించాలి గనుక వాటిలో ఒక్కటీ చెరపలేదు.

"ఏమప్పా, చీరకు పోగుపోగూ కనపడతాది, నేసిన ఆయప్పకు మొగం లేకపాయనా?" అన్నది ఆమె.

ఆయన ముఖాన్ని బాగుచేసే సాఫ్ట్‌వేరును నడిపించాడు. నున్నని బుగ్గలతో ఒక పటం తెర మీద నిలిచింది.

"ఈయప్ప ఎవరు?" అన్నది పుట్టమ్మ.

ఆయన దానిని తుడిచివేసి, చీరల ఫోటోలు ఒక్కొక్కటే తిరగేశాడు. ప్రతిదానిలోనూ చీరను ఎత్తిపట్టిన రెండు చేతులున్నాయి. గోళ్లకంటిన రంగు, బొటనవేలి పగులు సైతం స్పష్టంగా ఉన్నాయి.

"ఈ చేతులు ఎవరివి?"

"ఆయప్పవే. మొగం పడితే అంగడోళ్లు ఒప్పుకోరని చీరెనక దాక్కుంటాండె."

చివరి ఫోటో వరకు వెదికినా ముఖం దొరకలేదు. పుట్టమ్మ తెర మీది చేతులను వేలితో చూపింది.

"ఇవే పెద్దగా వెయ్యన్నా. బొట్టుకు ఆ గోరంత మొగం మూలన అంటించు."

మరునాడు హనుమంతరాయుడు తానే పటం తీసుకొని వెళ్లాడు. పుట్టమ్మ కుంకుమలో వేలు అద్ది, పటం దగ్గర ఆగిపోయింది. ఆ వేలు తగిలితే ముఖమంతా మునిగిపోతుంది. ఆయన ఊదుబత్తి పుల్ల ఒకటి విరిచి అందించాడు. ఆ మొనతో ఆమె బొట్టు పెట్టింది.

అచ్చు తేటగానే వచ్చింది. అయినా వెనుక కూర్చున్నవారికి చేతులు తప్ప మనిషి కనబడలేదు.